చెరుకు చప్పబడిన సంవత్సరం

1999 ఆగస్టు 9, సోమవారం. తెల్లవారుతూనే ఆకు కదలని ఉక్క. ఎనిమిదింటికి గుణదల కొండ వెనక నుంచి మబ్బు లేచింది, ఎనిమిదీ యాభైకి చినుకులు పడ్డాయి, తొమ్మిది కొట్టేసరికి ఆటోనగర్ రేకులన్నీ చిల్లులు పడతాయా అన్నట్టు వాన దంచడం మొదలుపెట్టింది. ఆటోనగర్‌లో పడిన వాన తిన్నగా ఎక్కడికీ పోదు. పాత ఇంజనాయిలుతో కలిసి గుంటల్లో నిలబడి ఏడు రంగులూ చూపిస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, దిగితే తెలుస్తుంది.

ఆ వానకి కరిముల్లా టీ కొట్టులో ముగ్గురు ఇరుక్కుపోయారు. కరిముల్లాని కలపలేదు, అతను ఎలాగూ పొద్దున్న అయిదు నుంచీ అక్కడే ఇరుక్కుని ఉంటాడు.

మొదటివాడు బడే మియా. ముప్ఫై ఆరేళ్ళుగా లారీ సీట్లు కుట్టే మనిషి. పాత సీటు పల్లం చూసి, దాని మీద కూర్చున్న డ్రైవరు బరువెంతో, ఏ పక్కకి ఒరిగి నడుపుతాడో చెప్పగలడు. రెగ్జిన్ ముక్కని కళ్ళు మూసుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి, ఎన్నాళ్ళకి పగులుతుందో చెప్పగలడు. ఆ రోజు మాత్రం కుడి పాదానికి లుంగీ గుడ్డ చుట్టుకుని, ఆ కాలు తడవకుండా బల్ల మీదే చాపుకుని కూర్చున్నాడు. పది రోజుల కిందట సీటుకి కొట్టే మేకు ఒకటి చెప్పులోంచి దూరి చిటికెన వేలి కింద దిగింది. దిగినట్టు అతనికి తెలియలేదు. కుట్టుమిషను పెడలు మీద నెత్తురు మరక కనిపిస్తే, ఎవరికి తగిలిందిరా అని షెడ్డంతా వెతికాడు. చివరికి చూస్తే తనకే. పదకొండేళ్ళ షుగరు ఆ కాలికి నొప్పన్నది తెలియకుండా చేసింది. ఇప్పుడు వేలు నల్లబడింది.

శుక్రవారంనాడు ఆసుపత్రిలో రెండున్నర గంటలు నిలబడితే డాక్టరు దగ్గరికి చేరాడు. డాక్టరు కాలు చూశాడు గానీ మనిషిని చూడలేదు. రాసుకుంటూనే, "వేలు తీసెయ్యాలి. సోమవారం పన్నెండు లోపల వచ్చి చేరు. లేటైతే పాదం" అన్నాడు. వేలు లేకపోతే మిషను తొక్కగలనా అని అడగాలనుకున్నాడు మియా. నోరు తెరిచేలోపు వెనకాలవాడు స్టూలు మీద సగం కూర్చుని ఉన్నాడు.

కూతురు ఆస్మా పటమటలో జిరాక్సు కొట్టులో పనిచేస్తుంది. ఆ రోజుకి సెలవు పెట్టి, తండ్రిని ఇక్కడ కూర్చోబెట్టి, ఆటో తేవడానికి గొడుగు పట్టుకుని బందరు రోడ్డు మీదకి వెళ్ళింది. వెళుతూ రెండు మాటలు చెప్పింది: "అబ్బా, కాలు కింద పెట్టకు. పున్నయ్యగారి మాటలు వినకు." మొదటి మాట మియా నిలబెట్టుకున్నాడు.

రెండోవాడు శౌరయ్య, లేతు పనివాడు, గుణదల మనిషి. ఏ బోల్టయినా మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచి చూడందే నమ్మడు, మనుషుల్ని అసలే నమ్మడు.

ఇక మూడోవాడు ఆ పున్నయ్యగారే. పూర్తి పేరు బసవపున్నయ్య. పాతకాలపు బి.ఏ. లారీ ట్రాన్స్‌పోర్టులో బుకింగు క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, కింద కాన్వాసు బూట్లు. పంచె మీదకి బూట్లేమిటని మొదట్లో నవ్వేవారు, ఇరవై ఏళ్ళుగా చూసి చూసి నవ్వడం మానేశారు. జేబులో బొటనవేలంత గాజు సీసా. అందులో తెల్ల మాత్రలు. కరిముల్లా ఇచ్చిన బన్ను టీలో ముంచుకు తిని, తూర్పుకి తిరిగి, కళ్ళు మూసుకుని, ఒకటి నోట్లో వేసుకుంటాడు. మూలిక మాత్ర. ఇంగ్లీషు మందు నాలిక మీద పెట్టి ఇరవై ఏళ్ళు దాటిందని చెప్పుకుంటాడు. ఆ మూలికేమిటో భార్య రాజ్యలక్ష్మికి కూడా చెప్పలేదంటాడు. అడిగినవాళ్ళకి కథ చెప్పడమే తప్ప మాత్ర ఒక్కటీ ఇచ్చిన పాపాన పోలేదు.

ఆ రోజు బన్ను సగంలో ఉండగా అతని చూపు మియా కాలి మీద పడింది. చూసి, బన్ను కింద పెట్టి, మియా పక్కకి జరిగి కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళయింది మియా? రాత్రిళ్ళు నిద్ర పడుతోందా? దాహం ఎక్కువగా ఉంటోందా? వంట ఎవరు, ఆస్మాయేనా?"

మూడు రోజుల్లో తనని ఇన్ని ప్రశ్నలు అడిగిన మొదటి మనిషి ఇతనే అనిపించింది మియాకి. అన్నీ చెప్పాడు. మేకు సంగతి, పెడలు సంగతి, తల ఎత్తని డాక్టరు సంగతి, పన్నెండు గంటల సంగతి, జేబులో ఉన్న ఆసుపత్రి చీటీ సంగతి.

"వేలు తీస్తానన్నాడా? తీస్తాడు, ఎందుకు తియ్యడూ, వాళ్ళు తియ్యడం చదువుకున్నారు, పెట్టడం చదువుకోలేదు. నా సంగతే చూడు. డెబ్భై ఎనిమిదిలో నాకు షుగరు మూడొందల నలభై. ఊరికే నోటి మాట కాదు, కాయితం మీద. అప్పుడు నన్ను కొండపల్లి ఆఫీసుకి వేశారు. మా మేనేజరు ఒక దుర్మార్గుడు, వాడి సంగతి తర్వాత చెప్తాను. భోజనం వేళకి అలా అడవిలోకి నడిచి వెళితే ఒక ఆకు కనిపించింది. చూస్తే పొన్నగంటికూరలా ఉంటుంది, పొన్నగంటికూర కాదు. తుంచి నమిలాను. చేదు! ఎంత చేదంటే, ఆ తర్వాత రెండు రోజులపాటు మా ఆవిడ తిట్టినా తియ్యగానే వినిపించింది. మూడో రోజు పరీక్ష చేయిస్తే నూట పది."

"మంచిదే కదా బాబాయిగారూ, ఆకుకూరలు తినమని డాక్టర్లు కూడా చెప్తున్నారు" అన్నాడు కరిముల్లా, గ్లాసులు కడుగుతూ.

ఆ మాట బసవపున్నయ్యకి నచ్చలేదు. డాక్టర్లు కూడా చెప్పేది తను చెప్పడమేమిటి?

"ఆకుకూర కాదన్నానా! సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక డ్రైవరు వచ్చాడు నా దగ్గరికి, కలకత్తా రూట్లో తిరిగేవాడు, ఆరడుగుల మనిషి. వాడికి షుగరు ఎంతో మిషన్లు చెప్పలేకపోయాయి. వాడు లారీ ఆపి చెట్టు చాటుకి వెళ్ళొస్తే చాలు, చీమలు బారు కట్టేవి. ఆ బారు లారీ వెంట బయల్దేరి ఏలూరు దాకా వచ్చేది. చెక్‌పోస్టులో లారీకి ఒక రసీదు, చీమలకి ఒక రసీదు. నేను కషాయం ఒక్క ఉద్ధరిణెడు పోశాను. లారీ హనుమాన్ జంక్షన్ చేరేసరికి చీమలు టక్కున ఆగిపోయాయి. వాసన తెగిపోయింది పాపం. ఏం చెయ్యాలో తోచక సగం నూజివీడు వైపూ, సగం గుడివాడ వైపూ వెళ్ళిపోయాయి."

"వెనక్కి ఒక్కటీ రాలేదా?" అన్నాడు శౌరయ్య.

"రెండొచ్చాయి. మందేమిటో కనుక్కుందామని."

కరిముల్లా నవ్వాడు. మియా కూడా నవ్వాడు. నవ్వుతూనే గోడ గడియారం వైపు చూశాడు. పది కావస్తోంది. వాన తగ్గలేదు, ఆటో రాలేదు. రాకపోతేనే బాగుండునని లోపల ఎక్కడో అనిపించింది, అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"నవ్వండి, నవ్వండి. పెద్ద పెద్ద వాళ్ళే నవ్వి, తర్వాత నా అరుగు మీద కూర్చున్నారు. ఈ ఊళ్ళోనే, పేరు చెప్పను, పేరు చెప్పడం మర్యాద కాదు, లండన్లో చదివొచ్చిన డాక్టరు ఒకాయన. రోజుకి రెండొందల మందిని చూస్తాడు. ఆయనకే షుగరు. మఫ్లరు చుట్టుకుని వచ్చాడు మా ఇంటికి. నేను తలుపు తియ్యలేదు. కిటికీలోంచి 'టోకెను తీసుకుని కూర్చోండి' అన్నాను. కూర్చున్నాడు. పక్కకి తిరిగి చూస్తే వరసలో ముందున్నవాడు ఆయన ప్రొఫెసరు! ఆ వెనకాల మఫ్లర్లు కట్టుకున్న వాళ్ళు పదహారు మంది, అందరూ డాక్టర్లే, ఒకళ్ళని ఒకళ్ళు చూసుకుని పలకరించుకోకుండా కూర్చున్నారు. మే నెలలో మఫ్లర్లు! పటమటంతా చూసింది."

"మేం పటమటలోనే గదండీ మొన్నటిదాకా ఉంది" అన్నాడు శౌరయ్య. "మాకు కనిపించలేదే?"

"నువ్వు షాపుకి వెళ్ళాక వచ్చేవాళ్ళు. అడ్డు రాకు. లండన్ డాక్టరు లోపలికి రాగానే నేను మొహం కూడా చూడకుండా 'నాలిక చాపండి' అన్నాను. చాపాడు. 'మూసుకోండి' అన్నాను. మూసుకున్నాడు. రాసుకుంటూ, తల ఎత్తకుండా, 'తర్వాతి వాళ్ళు' అన్నాను. ఏడ్చాడయ్యా మియా! 'పున్నయ్యగారూ, ఒక్క మాట మాట్లాడండి నాతో' అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు."

మియా నవ్వు ఆగిపోయింది. ఇది అబద్ధమని అతనికి తెలుసు. మొత్తం ఆటోనగర్‌కి తెలుసు. అయినా ఆ డాక్టరు ఏడవడం ఎంత బాగుంది! ఇన్ని అబద్ధాల్లో ఒక్కటి, ఎక్కడో ఒక్కటి నిజమైతే చాలు, ఆ ఒక్కటీ తన వేలి గురించైతే చాలు. ఆకు నిజం కావచ్చు కదా. ఆ కొండపల్లి అడవి నిజమే కదా. ఇతను రోజూ కళ్ళ ముందు మాత్ర వేసుకుంటున్నాడు, డెబ్భై దగ్గర పడుతున్నా రాయిలా ఉన్నాడు, అది నిజమే కదా. లుంగీ గుడ్డ కింద వేలు అసలు లేనట్టే ఉంది, నొప్పి లేదు, మంట లేదు. నొప్పి లేనిదాన్ని కొయ్యడమేమిటి?

"అసలుది చెప్పలేదు మీకు" బసవపున్నయ్య గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించాడంటే పెద్దది వస్తోందని కరిముల్లాకి తెలుసు, స్టవ్వు మంట తగ్గించి వచ్చి నిలబడ్డాడు. "ఎనభై ఆరు. వచ్చేవాళ్ళు ఎక్కువైపోయి గంగాళంతో కాస్తున్నాం కషాయం. మా ఆవిడ రాజ్యలక్ష్మి, ఆ రోజు ఎవరో పేరంటానికి పిలిస్తే మాటల్లో పడి అడుగు మాడ్చింది. మాడింది కదా అని గంగాళం రిక్షాలో వేయించుకుని వెళ్ళి బందరు కాలవలో తోమింది. ఒక్కసారి. ఒక్కటంటే ఒక్కసారి తిప్పి పోసింది. ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

"కిందకి" అన్నాడు కరిముల్లా.

"కిందనేముంది?"

"పొలాలు."

"చెరుకు తోటలు! చప్పబడిపోయింది నాయనా చెరుకు. గడ విరిచి నమిలితే పీచూ నీళ్ళూ. గానుగ ఆడించి వండితే బెల్లం కట్టింది, రంగుంది, పాకం ఉంది, తీపి లేదు. ఆ బెల్లం దిమ్మలు ఏం చెయ్యాలో తెలియక రైతులు ఏడుస్తుంటే, ఇళ్ళు కట్టుకునేవాళ్ళు ఇటుకల బదులు కొనుక్కుపోయారు. ఇప్పటికీ ఉయ్యూరు దగ్గర ఒక పెంకుటింటికి ఆ గోడే. చీమ కూడా ఎక్కదు. అక్కడితో ఆగిందా? నూజివీడు రసాలు! పండు పిండితే మజ్జిగ!"

"బందరు కాలవ నూజివీడు వైపు పోదు కదండీ" అన్నాడు శౌరయ్య. "అది ఎగువ."

"గాలి, శౌరయ్యా! గాలికి ఎగువా దిగువా ఉంటుందా? నీకు కొలతలు తప్ప ఏమీ పట్టవు. ఇక బందర్లో లడ్డూలు చేసేవాళ్ళు బస్సు మాట్లాడుకుని వచ్చి మా గుమ్మంలో పడ్డారు. 'అయ్యా, ఎంత పాకం పోసినా లడ్డూ కొరికితే మిరపకాయ బజ్జీలా ఉంటోంది, పెళ్ళివారు కొడుతున్నారు' అని. నాకు జాలేసింది. ఆ ఆకు పక్కనే విరుగుడు ఆకు ఇంకోటి ఉంటుంది, దేవుడు రెండూ పక్క పక్కనే పెట్టాడు, మనకి చూసే కళ్ళు లేవు. అది కాసి తీసుకెళ్ళి బ్యారేజీ మీద నిలబడి పోశాను. కాస్త ఎక్కువ పడింది. చెయ్యి జారింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెరుకు మళ్ళీ తియ్యనైంది" అన్నాడు మియా. కథలో పడి కాలు కింద పెట్టబోయి, మళ్ళీ పైకి తీసుకున్నాడు.

"వరి తియ్యగా పండింది! వరి! ఆ ఏడాది డెల్టా మొత్తం మీద ఒక్క పెళ్ళిలో పాయసం వండలేదు, వడ్డించిన అన్నమే పాయసం. అన్నంలో ముద్దపప్పు కలిపితే పూర్ణాలు. ఆవకాయ కలుపుకున్నవాడి గతి ఏమిటో మీరే ఆలోచించుకోండి. ఆ నీళ్ళే పోయి పోయి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిశాయి. మూడు మైళ్ళ మేర సముద్రం పానకం. చేపలు ఒకటే తాగడం. తాగి తాగి చేపలకి షుగరొచ్చింది."

"చేపలకి!" అన్నాడు కరిముల్లా.

"ఈదలేవు, కళ్ళు మసకలు, పుండు పడితే మానదు. చేపలన్నీ ఒడ్డుకొచ్చి మూలుగుతున్నాయని జాలర్లు కబురు పెట్టారు. నేను ఆకు మూట భుజాన వేసుకుని పడవెక్కాను. పెద్ద చందువ ఒకటి, ఇంతుంటుంది, పడవ పక్కకి వచ్చి, నోట మాట లేదు కదా పాపం, మొప్ప చాపింది. నాడి చూడమని. చూశాను. చందువకి అయిదొందల పది. ఆకు పెట్టాను. తోకకి పుండు ఉంది దానికి, నల్లగా, పోవలసిన తోక. మూడు రోజుల్లో..."

"తోక నిలిచిందా?" అన్నాడు మియా.

ఆ అడగడంలో నవ్వు లేదు. బసవపున్నయ్య వినిపించుకోలేదు.

"నిలవడమా? ఆ తోకతో అది బంగాళాఖాతం దాటి రంగూన్ వెళ్ళొచ్చింది!"

శౌరయ్య బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. బడే మియా జేబులోంచి ఆసుపత్రి చీటీ తీశాడు. నాలుగు మడతల చీటీ, చెమటకి మెత్తబడింది. కరిముల్లా చేతిలో పెట్టాడు.

"ఇది స్టవ్వులో వేసెయ్, బేటా."

"ఏంటి చాచా?"

"నేను పోను. పున్నయ్యగారూ, ఆ మందు నాకివ్వండి. చేపకిచ్చారు, నాకివ్వరా?"

కరిముల్లా చీటీ పట్టుకుని, మంట వంకా మియా వంకా చూసి, దాన్ని పంచదార డబ్బా కిందకి తోశాడు.

బసవపున్నయ్య బన్ను చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. "ఊరికే ఇవ్వకూడదు మియా. దానికి వారం, నక్షత్రం..."

"ఈ రోజు సోమవారం. చెప్పండి, సోమవారం పనికిరాదా?"

"పత్యం ఉంటుంది. నీ వల్ల కాదు."

"ఉంటాను. టీ కూడా మానేస్తాను. కరిముల్లా, రేపటి నుంచి నాకు టీ పొయ్యకు. ఇంకేమిటి?"

"అది... ఒంటి తత్వాన్ని బట్టి..."

"మీ ఒంటికీ షుగరే, నా ఒంటికీ షుగరే. మీ జేబులో ఉన్నదే ఇవ్వండి. ఒక్కటి."

ఇరవై ఏళ్ళలో ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. అందరూ నవ్వి, ఇంకో టీ చెప్పి, పనిలోకి పోయేవాళ్ళు. శౌరయ్య మెల్లిగా, "ఇవ్వండి పున్నయ్యగారూ, చందువ కన్నా మియా తక్కువా?" అన్నాడు. బసవపున్నయ్య చెయ్యి జేబు మీదే ఉంది. తీస్తే ఒక తంటా, తియ్యకపోతే ఇంకో తంటా. చివరికి సీసా తీసి, మూత విప్పి, ఒక మాత్ర మియా అరచేతిలో వేసి, వెంటనే ఆ అరచేతిని తన చేత్తో మూసి పట్టుకున్నాడు.

"చూడు. మింగకు. చూడ్డానికి ఇస్తున్నాను."

మియా చెయ్యి విడిపించుకుని, మాత్రని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. ముప్ఫై ఆరేళ్ళ అలవాటు. ఏది చేతిలోకి వచ్చినా ముందు వేళ్ళతో చూస్తాడు, తర్వాత కళ్ళతో. బొటనవేలి గోరు మాత్ర మీద ఒక చోట తట్టుకుంది. వెనక్కి పోనిచ్చి మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ అక్కడే తట్టుకుంది. వెలుతురులోకి ఎత్తి చూశాడు. మాత్రకి సరిగ్గా నడిమధ్య, దారం పెట్టి కొట్టినట్టు ఒక గీత.

చాలాసేపు చూశాడు.

"పున్నయ్యగారూ, నేను రెగ్జిన్ మీద సుద్దతో గీత గీస్తాను. అక్కడ కత్తెర పడాలని. గీత దానంతట అది రాదు, ఎవడో ఒకడు గియ్యాలి. ఈ ఆకు మీద గీత ఎవరు గీశారండీ?"

"అదా? అది ఈనె!" అన్నాడు బసవపున్నయ్య ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. "ఆకుకి మధ్యలో ఈనె ఉండదూ? ఎంత నూరినా ఈనె పోదు, అంత బలమైన ఆకు అది."

మియా చొక్కా లోపలి జేబులో చెయ్యి పెట్టి, కాయితం పొట్లం తీసి, బల్ల మీద విప్పాడు. శుక్రవారం ఆసుపత్రిలో ఇచ్చిన షుగరు బిళ్ళలు. అందులో ఒకటి తీసి, చేతిలో ఉన్నదాని పక్కన పెట్టాడు. సీట్లకి బొత్తాలు జత చూసినట్టు రెండింటినీ దగ్గరికి జరిపాడు. అదే తెలుపు, అదే పొడుగు, అదే గీత.

"అయితే ఆసుపత్రివాళ్ళు కూడా కొండపల్లి అడవికే వెళ్ళారన్నమాట" అన్నాడు. "వాళ్ళకీ అదే ఆకు దొరికింది. ఈనె కూడా అదే."

శౌరయ్య ముందుకి వంగి రెండింటినీ చూశాడు. "వందో వంతు కూడా తేడా లేదు" అన్నాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక వానలోకి వెళ్ళి నిలబడ్డాడు. కరిముల్లా మాత్రం నవ్వలేదు. పెద్దాయన మొహం చూడలేక గ్లాసులు మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు, కడిగినవే.

బసవపున్నయ్య ఇంకో కథ అందుకుంటాడేమోనని కరిముల్లా అనుకున్నాడు. అందుకోలేదు. బల్ల మీద వెనక్కి జరిగి, ఎడమ బూటు తాడు విప్పడం మొదలుపెట్టాడు. ఆ బూటు విప్పగా ఆటోనగర్‌లో ఎవరూ చూడలేదు. బూటులోంచి పాదం వచ్చింది, పాదంతోపాటు ముందు భాగంలో కుక్కిన దూది ఉండ ఒకటి రాలి పడింది. చిటికెన వేలు లేదు. దాని పక్క వేలూ లేదు.

"ఆకు నమిలింది నిజమే" అన్నాడు. "చేదు నిజమే. నూట పది కూడా నిజమే, కానీ అప్పటికి బిళ్ళలు వేసుకుంటూనే ఉన్నాను. ఆ నూట పది ఆకు వల్లే అనుకున్నాను. బిళ్ళలు మానేశాను. ఆర్నెల్లు మానేశాను మియా. చిన్న పుండు పడితే ఆకు కట్టాను. ఆసుపత్రివాళ్ళు ఒక వేలు తియ్యాలన్నారు. ఇంకో వారం ఆకు కట్టి వెళ్ళాను. రెండు తీశారు."

"ఇప్పుడు ఆకు మానేశారా?" అన్నాడు కరిముల్లా.

"ఎందుకు మానతాను? మా ఆవిడ మెంతులు నానబెడుతుంది, కాకరకాయ పెడుతుంది, తింటాను. మా డాక్టరుతో చెప్పే తింటాను. తినండి గానీ బిళ్ళ మానకండి, ఏం తిన్నా నాకు చెప్పండి అన్నాడు. ఇంతే సంగతి. ఇందులో చెప్పుకోడానికి ఏముంది? ఇది చెబితే ఎవడన్నా వానలో కూర్చుని వింటాడా?"

మియా అతని పాదం వంకే చూస్తున్నాడు. శుక్రవారం నోట్లోనే ఉండిపోయిన ప్రశ్న బయటికి వచ్చింది.

"నడవగలరా?"

"రోజూ పటమట నుంచి ఇక్కడికి నడిచే వస్తున్నాను. ఇరవై ఏళ్ళు! మీలో ఒక్కడు కనిపెట్టాడా? ఆ శౌరయ్య, వందో వంతు కొలిచేవాడు, వాడు కనిపెట్టాడా?" బసవపున్నయ్య గొంతులోకి పాత బలం మెల్లిగా తిరిగి వస్తోంది. "నీ పెడలు ఎంత, అరచెయ్యంత! చిటికెన వేలు దానికి తగులుతుందా? మడమా, బొటనవేలూ, అంతే నీకు కావలసింది. నాకు రెండు పోయాయి, నీకు పోయేది ఒక్కటి. ఇంకా ఇక్కడే కూర్చుని నన్ను మించుదామనుకుంటున్నావేమో, ఈ ఆటోనగర్‌లో నన్ను మించినవాడు ఉండడానికి వీల్లేదు. లే!"

ఆటో హారను అప్పుడే వినిపించింది. ఆస్మా సగం తడిసి, నడుములోతు నీళ్ళలోంచి వచ్చినదానిలా ఊపిరి పీల్చుకుంటూ కొట్టులోకి వచ్చింది. బల్ల మీద రెండు మాత్రలు, పక్కన దూది, పున్నయ్యగారి బోసి పాదం. ఒక్కొక్కటే చూసింది.

"ఏమైంది అబ్బా?"

"ఏమీ లేదు. పద, పదిన్నరయింది. చీటీ ఏది?"

కరిముల్లా పంచదార డబ్బా ఎత్తి చీటీ తీశాడు. అంచుకి అంటిన పంచదార దులిపి ఇచ్చాడు.

మియాని ఆటోలో కూర్చోబెట్టేసరికి రెండో పక్క నుంచి బసవపున్నయ్య ఎక్కి కూర్చున్నాడు, ఒక కాలికి బూటు, ఒక బూటు చేతిలో. "మీరెక్కడికి బాబాయిగారూ?" అంది ఆస్మా.

"ఆ డాక్టరు తల ఎత్తడన్నాడు మీ నాన్న. ఎందుకెత్తడో చూస్తాను. అమ్మాయ్, ఆ గొడుగు ఇటు పట్టు."

ఎత్తాడు. ఆసుపత్రిలో బసవపున్నయ్య కథ అందుకుని, చందువకి అయిదొందల పది అన్న దగ్గర డాక్టరు కలం ఆపి, తల ఎత్తి, మొదట బసవపున్నయ్యనీ, తర్వాత బడే మియానీ చూశాడు. చూసినవాడు ఊరుకోలేక, "ఏం పని చేస్తావు పెద్దాయనా?" అని అడిగాడు. కుట్టుమిషను తొక్కుతానని మియా చెప్పాడు. తొక్కవచ్చునని డాక్టరు చెప్పాడు. మర్నాడు వేలు ఒకటి తీశారు. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే పాదం సగానికి పోయేదని కట్టు కట్టిన నర్సు చెప్పింది. దసరాకి ముందే మియా పెడలు మీద కాలు పెట్టాడు.

బసవపున్నయ్య 2006 డిసెంబరులో పోయాడు. షుగరుతో కాదు, గుండెతో. రాజ్యలక్ష్మి చెప్పడం, ఆయన అప్పుడు కూడా ఒక కథ మధ్యలోనే ఉన్నాడు. దినవారాలయ్యాక ఆవిడే అన్నీ పంచింది. గాజు సీసా బడే మియాకి ఇచ్చింది. అతను తన బిళ్ళలు అందులో పోసుకుని, బయట ఆస్మా చేత మందు పేరు పెద్ద అక్షరాలతో రాయించి అంటించుకున్నాడు. గంగాళం ఆస్మాకి వెళ్ళింది. కాన్వాసు బూట్లు ఎవరూ అడగలేదు, శౌరయ్య తీసుకున్నాడు, తొడుక్కోడానికి కాదు. కథ కరిముల్లాకి వచ్చింది. అతను చెబితే సముద్రం అయిదు మైళ్ళ మేర పానకం, చందువ రంగూన్ దాటి ఇంకా వెళుతుంది.

మేనల్లుడు కిరీటి గుడివాడ నుంచి వచ్చాడు. ఏడాదిగా అతని ఆశంతా మూలిక రహస్యం మీదే. రేకు పెట్టె తాళం తీయించాడు. అందులో ఇరవై ఎనిమిదేళ్ళ ఖాళీ మాత్రల అట్టలు, ఏ ఏడాదివి ఆ ఏడాదికి రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. అడుగున ఒక ఎండుటాకు. పొన్నగంటికూర అవునో కాదో చూద్దామని కిరీటి చేతిలోకి తీసుకోబోతే పొడి అయిపోయింది. కిరీటికి ఏమీ రాలేదు. ముందుగానే రాయించి తెచ్చుకున్న 'బసవ మూలికా వైద్యశాల' రేకు బోర్డు కూడా మిగల్లేదు. అది కరిముల్లా కొట్టు కప్పు మీద, వాన కారే చోట, అక్షరాలు కిందకి ఉండేలా బిగించి ఉంది. టీ తాగుతూ తల ఎత్తితే ఎవరైనా చదువుకోవచ్చు.